సుబ్బరత్నమ్మ గారి మెడ

చాట్రాయి నుంచి నూజివీడు వెళ్ళే మొదటి బస్సు. కాపరానికి వచ్చి ఇంకా మూడు నెలలు నిండని కృష్ణవేణికి కిటికీ పక్క సీటు దొరికింది. ఇవతల అత్తగారు సుబ్బరత్నమ్మ కూర్చుంది.

"మోటారుకి వచ్చే కరెంటు కాదు అత్తయ్యా. టార్చిలైటులో వేసుకునే బ్యాటరీలు. నాలుగే నాలుగు."

"బ్యాటరీలైతే మటుకు? మెడలో సూదులు గుచ్చి, వాటికి తీగలు తగిలించి... ఎందుకమ్మా నాకు ఈ వయసులో."

"మీకేం వయసు? నలభై ఎనిమిది. మాకు కాలేజీలో బాటనీ చెప్పిన మేడమ్‌కి యాభై రెండు. సాయంత్రం మాతో బ్యాడ్మింటన్ ఆడేవారు."

"ఆవిడ మెడ తిరిగేదా?"

"తిరిగేది."

"నాది తిరగదు. అంతే తేడా."

"అబ్బ, అటు చూడండి అత్తయ్యా. సువర్ణరేఖ తోట. కాయ ఎంత ఎర్రబారిందో, పసుపూ కుంకుమా కలిపి అద్దినట్టు."

"ఎటు?"

"అదిగో, కుడిపక్క... అయ్యో. మర్చిపోయానండీ."

"ఫర్వాలేదులే. నువ్వు చూసి చెప్పు."

"వచ్చేటప్పుడు మీరే చూస్తారు. ఇవాళ కాకపోతే పదో రోజుకి."

"ఆరేళ్ళ నుంచీ ఇలాగే చెబుతున్నారు వేణీ. ఆముదం కాచి మర్దనా చేస్తే పోతుందన్నారు. వావిలాకు కాపడం అన్నారు. నూజివీడు డాక్టరు గారు ఇరవై ఇంజెక్షన్లు పొడిచారు. బెజవాడలో ఎముకల ఫోటో తీసి, లోపల ఏమీ లేదమ్మా అన్నారు. ఏమీ లేకపోతే మరి నొప్పి పెడుతున్నదేంటి?"

"అందుకే గదా వెళ్తున్నాం."

"పైగా ఇది చైనావాళ్ళ వైద్యమట. మొన్ననేగా మనమీదికి తుపాకులేసుకొచ్చారు. మా ఆడపడుచు బసవమ్మ వదిన అంది, సూదుల్లో ఏం పూసి పంపారో ఏమో అని."

"బసవమ్మ పెద్దమ్మ గారు టార్చిలైటు కూడా చైనావాళ్ళదే అన్నారు. మీ అబ్బాయి నవ్వలేక చచ్చారు."

"మీ ఆయన పేరు చెప్పడానికి ఇంకా సిగ్గేనా నీకు?"

"చెబుతానుగా. తిరుపతిరావు గారు."

"చెవులు ఎర్రబడ్డాయి. చూడకపోయినా తెలుస్తోందిలే."

నూజివీడులో బస్సు మారి దిగిన హనుమాన్ జంక్షన్‌లో, లారీల షెడ్డు వెనక రెండు గదుల పెంకుటిల్లు. జోజమ్మ కలకత్తాలో పన్నెండేళ్ళు నర్సుగా పనిచేసి, అక్కడి డాక్టరు ఒకాయన దగ్గర ఈ విద్య నేర్చుకుని, సూదులకి బ్యాటరీ కరెంటు ఇచ్చే చెక్కపెట్టె ఒకటి వెంటబెట్టుకుని కిందటేడే తిరిగి వచ్చింది.

"ఏమైనా తిని వచ్చారా సుబ్బరత్నమ్మ గారూ? ఖాళీ కడుపుతో సూది పెట్టను. కళ్ళు తిరిగి పడిపోతారు."

"ఇవాళ ఏకాదశి అండీ."

"పెరుగన్నం తెచ్చానండీ జోజమ్మ గారూ."

"ఏకాదశి పూట అన్నమా వేణీ?"

"అరటిపళ్ళు కూడా తెచ్చాను అత్తయ్యా. మీరేమంటారో నాకు తెలుసు."

"తినండమ్మా. తింటూ చెప్పండి. నొప్పి ఏ వేళప్పుడు ఎక్కువ?"

"పొద్దున్నే అండీ. తెల్లారకముందే లేచి కూర్చుంటారు. ఒళ్ళంతా చెమట, గుండె దడ. నేను పక్కగదిలో ఉండి..."

"అమ్మాయి గారూ, మెడ మీదా, ఆవిడదా?"

"ఆవిడదేనండీ. క్షమించండి."

"చెప్పండి సుబ్బరత్నమ్మ గారూ. దడ దేనికి?"

"దేనికేముంది. ఊరికే."

"ఊరికే రాదు."

"వస్తుందమ్మా. కాసేపటికి పోతుంది. ఇంటి పనిలో పడితే పోతుంది."

"సరే. బోర్లా పడుకోండి. ఇది మెడ మొదట్లో. ఇది భుజం మీద, రాయిలా ఉందే ఇక్కడ. ఇది మణికట్టుకి మూడు వేళ్ళంత పైన."

"మెడ నొప్పికి చేతిలో ఎందుకమ్మా?"

"అది దడకి."

"దడకి చెయ్యి ఏం చేస్తుంది?"

"నాకు నేర్పినాయన అక్కడే పెట్టమన్నాడు. ఎందుకో నాకూ పూర్తిగా తెలియదు. కొందరికి పని చేసింది, కొందరికి లేదు. నేను ఉన్నమాట చెబుతాను. ఇప్పుడు తీగలు తగిలించి పెట్టె మీది గుబ్బ తిప్పుతాను. చీమ పాకినట్టు ఉంటే అనండి."

"ఏమీ లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఆ... ఆ. వేణీ, నా భుజం."

"ఎగురుతోంది అత్తయ్యా. దానంతట అదే. మా ఊళ్ళో తువ్వాయి ఒంటి మీద ఈగ వాలితే సరిగ్గా ఇలాగే చర్మం ఆడిస్తుంది."

"నన్ను తువ్వాయిని చేశావా."

"నవ్వకండి సుబ్బరత్నమ్మ గారూ, సూదులు కదులుతాయి. అమ్మాయి గారూ, మీరు బయట కూర్చోండి."

ఆరో రోజు, అదే గది. ముందురోజు మధ్యాహ్నం కాస్త వదిలిన మెడ పొద్దుటికల్లా మళ్ళీ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది.

"ఇదేంటమ్మా? నిన్న ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడు గడ్డం కుడిభుజం దాకా వచ్చింది. నా కళ్ళతో చూశాను. రోజూ ఇదే వరస. నేను వదిలించి పంపడం, మీరు బిగించుకు రావడం. రాత్రి ఎలా పడుకున్నారు?"

"మామూలుగానే జోజమ్మ గారూ."

"బరువులు మోశారా?"

"మోయనివ్వడం లేదండీ నేను. బిందె కూడా ముట్టుకోనివ్వను. అసలు ఇవాళ పొద్దున్న బిందె నాకే కావాల్సి వచ్చింది."

"బిందె ఎందుకు అమ్మాయి గారూ?"

"మా తోటలో కోత మొదలైందండీ. చిన్నరసాల బుట్టలతో మొదటి బండి బయలుదేరుతుంటే కొత్తకోడలు నీళ్ళబిందెతో ఎదురు రావాలట. బసవమ్మ పెద్దమ్మ గారు నాకు పట్టుచీర కట్టించారు. బిందె నిండా పోశారు, నడుస్తుంటే నీళ్ళు చిందిపోయి నా కాళ్ళన్నీ తడిసిపోయాయి. ఎడ్లు కూడా నన్నే చూస్తున్నాయి. మీ అబ్బాయి... అదే, ఆయన, బండి మీంచి ఎవరూ చూడకుండా ఒక పండు నా కొంగులోకి విసిరారు. ఎంత బాగుందో."

"బాగుంది. అప్పుడు మీ అత్తగారు ఎక్కడున్నారు?"

"అప్పుడా? లోపల."

"లోపల ఎక్కడ సుబ్బరత్నమ్మ గారూ?"

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడ?"

"గాదె పక్కన. పని ఉండి."

"ఏం పని?"

"పని ఏదో ఒకటి ఉంటుంది గదమ్మా ఆడవాళ్ళకి."

"ఎటు తిరిగి నిలబడ్డారు?"

"ఎటైతే ఏంటమ్మా."

"అమ్మా, ఎటు తిరిగి?"

"గోడకి."

"లేచి నిలబడండి. ఒకసారి అలా తిరిగి చూపించండి. ఊఁ. తల ఇంకా ఎడమకి తిప్పారా? అంతా? భుజం కూడా ఎత్తారు. అమ్మాయి గారూ, ఇక్కడ చెయ్యి వేసి చూడండి."

"తాడులా ఉందండీ."

"ఆ కండే. నేను ఆరు రోజులుగా సూది పెడుతున్న కండే. ఎన్నాళ్ళ నుంచి ఇలా తిరుగుతున్నారమ్మా?"

"మావారు పోయినప్పటి నుంచి."

"ఎవరు తిరగమన్నారు? ఆ బసవమ్మ గారా?"

"ఎవరూ అనలేదు. ఉత్తినే వదిన మీద వెయ్యకండి. ఆయన పోయిన నాలుగో నెల, మా తిరుపతిరావు పరీక్షకి వెళ్తున్నాడు. హాల్ టికెట్టు మంచం మీద మర్చిపోయాడు. నేను పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. వాడి ముందుకి వెళ్ళి ఇచ్చాను. తీసుకున్నాడు. తీసుకుని ఇంట్లోకి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాడు."

"ఆయనా? ఆయన అలా చేశారా అత్తయ్యా?"

"ఏమీ అనలేదమ్మా వాడు. చిన్నమాట కూడా అనలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు, పరీక్ష భయం. వాడి తప్పేముంది? ఆ నీళ్ళు నేనే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు మొహం తిప్పుకుని ఇచ్చాను. అప్పుడు మొదలైంది."

"రోజుకి ఎన్నిసార్లు తిరుగుతారు?"

"లెక్కేముంది జోజమ్మ గారూ. పాలేళ్ళు పొలానికి వెళ్తారు. పిల్లలు బడికి వెళ్తారు. పక్కింటివాళ్ళు సంతకి వెళ్తారు. చెప్పుల చప్పుడు వినబడితే చాలు, నేను అనుకోకుండానే తిరిగిపోతుంది."

"దడ కూడా ఆ చప్పుడుకేనా?"

"చప్పుడుకి ముందే వస్తుంది. ఇవాళ ఎవరు ఎక్కడికి బయలుదేరతారో, నేనెక్కడ ఎదురు పడిపోతానో అని."

"అది ముందే చెబితే ఏం పోయేది?"

"చెబితే సూదితో తీసేసేవారా?"

"లేదు. అదే నేనూ చెప్పబోతున్నాను. ఇంకో నాలుగు రోజుల్లో ఈ కండని వదిలించగలను, ఆ నమ్మకం ఉంది. కానీ మీరు ఇంటికెళ్ళి మళ్ళీ గోడకి తిరిగితే మళ్ళీ బిగుస్తుంది. రెండోసారి కరెంటుకి లొంగదు. నేను చూశాను ఇలాంటి మెడలు. తల ఒక పక్కకి ఒరిగి అలాగే ఉండిపోతుంది, చచ్చేదాకా."

"ఉండిపోనీ. గోడవైపేగా."

"నేనూ మొగుడు పోయినదాన్నే సుబ్బరత్నమ్మ గారూ. పొద్దున్నే ఈ రోడ్డు మీద వందమందికి ఎదురొస్తాను. లారీలన్నీ ఎటు పోవాల్సినవి అటు పోతూనే ఉన్నాయి."

"మీ క్రైస్తవుల్లో ఆ పట్టింపు ఉండదు గదమ్మా."

"ఎందుకుండదు? మా ఉంగుటూరులో మా అత్త కూడా తలుపేసుకునేది నన్ను చూసి. నేనే కలకత్తా రైలెక్కేశాను. మీరు ఎక్కడికి పోతారు?"

జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం అత్తా కోడలూ సోడాకొట్టు నీడలో నిలబడ్డారు. కృష్ణవేణి చేతిలో రెండు గోలీసోడాలు ఉన్నాయి.

"తాగండి అత్తయ్యా. గోలీ చప్పుడు వినండి ముందు. నాకు చిన్నప్పటి నుంచీ తాగడం కంటే ఆ చప్పుడే ఇష్టం."

"నువ్వు తాగు. ఏడుస్తున్నావా?"

"సోడా ముక్కులోకి పోయింది."

"వాడితో ఈ సంగతి అడగకు వేణీ. వాడికి గుర్తు కూడా ఉండి ఉండదు."

"అడగను. కానీ ఒకటి చేస్తాను. శుక్రవారం మొదటి లారీ మద్రాసుకి బయలుదేరుతుంది. నన్నే ఎదురు రమ్మన్నారు. మీరు నా పక్కన నిలబడతారు."

"వద్దు."

"నిలబడతారు. గోడకి కాదు, లారీకి మొహం పెట్టి. బసవమ్మ పెద్దమ్మ గారితో నేను మాట్లాడతాను. ఆయనతో నేను మాట్లాడతాను."

"కొత్తగా వచ్చావు. నీకు తెలియదు."

"నేను చదువుకున్నాను అత్తయ్యా."

"మీ ఆయనా చదువుకున్నాడు."

"నేను ఆయన లాంటిదాన్ని కాదు. మీరు నన్ను నమ్మరా?"

"నమ్మకపోవడం కాదమ్మా. నాకు భయం. వాడు వెళ్ళే లారీ అది."

"మీ మెడ అలా ఉండిపోతే నేను చూడలేను. పొద్దున్నే లేచి మీరు చెమటలు కక్కుకుంటూ కూర్చుంటే పక్కగదిలో నేను సంతోషంగా ఎలా ఉండగలను? నాకు మిమ్మల్ని చూస్తే ఇష్టం. మొదటిరోజే ఇష్టం. నాకు జడ వేసేటప్పుడు మీరు ఒక్క వెంట్రుక కూడా లాగరు."

"బస్సు వస్తోంది."

"నిలబడతానని చెప్పండి. అప్పుడే ఎక్కుతాను."

"పిచ్చిపిల్లా, సీట్లు పోతాయి."

"పోనీయండి."

"నిలబడతాను. ఎక్కు."

శనివారం మధ్యాహ్నం, వంటిల్లు. శుక్రవారం బయలుదేరిన లారీ నూజివీడు దాటకముందే టైరు పేలి కాలవలోకి ఒరిగింది. తిరుపతిరావు కుడిచేతికి కట్టు కట్టించుకుని మంచం మీద ఉన్నాడు.

"మాట్లాడు వేణీ. నిన్నటి నుంచీ ఒక్క ముక్క మాట్లాడవు."

"ఏం లేదత్తయ్యా. టైరు అరిగిపోయిందట. డ్రైవరు నరసింహులు వారం నుంచి మార్చమని మొత్తుకుంటున్నాడు. ఆయనే రేపు మాపు అన్నారు."

"నేను నిలబడ్డాను."

"నేనూ నిలబడ్డాను, బిందెతో. మీ వల్ల పేలిందంటే నా బిందె ఏం చేస్తున్నట్టు?"

"మా వదిన చెప్పిందిగా. కొత్తకోడలు బిందె ఉండబట్టి చేతితో పోయింది, లేకపోతే..."

"విన్నాను. ఆ లేకపోతే తర్వాత మాట కూడా విన్నాను."

"మరి వాడేమన్నాడు?"

"ఆయన ఏమీ అనలేదు."

"ఊఁ."

"మీరలా ఊఁ అనకండి. రేపు మళ్ళీ జంక్షన్‌కి వెళ్దాం. ఇంకో రెండు రోజులు మిగిలున్నాయి."

"సూదులతో పని లేదిక."

"ఉంది. నొప్పి ఎలా ఉంది, నిజం చెప్పండి."

"లేదు."

"అబద్ధం."

"లేదు వేణీ. రాత్రి పడుకుని అటు తిరిగాను, ఇటు తిరిగాను. ఆరేళ్ళకి. కన్నకొడుకు చెయ్యి విరిగి పక్కగదిలో మూలుగుతుంటే నా మెడ తిరుగుతోంది. ఎవరితో చెప్పుకోను? హాయిగా ఉందని చెప్పుకోనా?"

"నాతో చెప్పండి."

"హాయిగా ఉంది. సిగ్గుగా ఉంది. నన్ను మళ్ళీ గాదె దగ్గరికి పోనీ."

"వద్దు. ఎవరేమన్నా మీరు వీధి గడపలోకి రావాలి. రోజూ రావాలి. పాలేళ్ళకీ పిల్లలకీ అందరికీ ఎదురు రావాలి. నేను పక్కన ఉంటాను. ఇదిగో, ఇంకో మాట. ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు. నాకు నెల తప్పింది."

"ఏంటి?"

"రెండో నెల అనుకుంటాను. పుట్టే పిల్ల మిమ్మల్ని గోడకి తిరిగి ఉండగా చూడకూడదు. నానమ్మ మొహం ముందు చూడాలి."

"ఇలా రా. ఇలా రా తల్లీ. కుడిపక్క కూర్చో, ఫర్వాలేదు. కనబడుతున్నావు."

మూడు వారాలు గడిచాయి. రాత్రి నుంచి కృష్ణవేణికి చుక్కలుగా రక్తం కనబడుతోంది. తెల్లవారగానే బెజవాడలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి తిరుపతిరావు మాట్లాడిన కారు వాకిట్లో ఆగి ఉంది.

"లేవగలవా వేణీ? నా భుజం పట్టుకో."

"లేచానత్తయ్యా."

"కడుపులో నొప్పి ఉందా?"

"లేదు. నడుం లాగుతోంది."

"వాడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే రెండు రోజులు కనబడింది. మంచం దిగకుండా పడుకున్నాను. నిలబడ్డాడు. ఇప్పుడు చూడు, కారు దగ్గర నిలబడి అరుస్తున్నాడు."

"నిజంగా అలా అయిందా మీకు?"

"ఒట్టు. ఇదిగో దుప్పటి. ఇది తలకింద పెట్టుకో. దారిలో కుదుపులు ఎక్కువ, నెమ్మదిగా పోనిమ్మని చెప్పాను. చెప్పులు వద్దు, నేను పట్టుకొస్తాను."

"నాకు భయంగా ఉంది అత్తయ్యా."

"భయపడకు. నీకేమీ కాదు. నేను ముందు వెళ్ళి గడపలో నిలబడతాను. మూడు వారాలుగా అందరికీ ఎదురొస్తూనే ఉన్నాను, ఎవరికీ గోరంత కూడా కాలేదు. మొన్న పాలేరు సాంబయ్య అన్నాడు, అమ్మగారు ఎదురొస్తే ఆ రోజు కూలి బాగా పడుతోందని. ఇదంతా నీ చలవే. ఇదిగో, నిలబడ్డాను. చూడు, నీ మొహం చక్కగా కనబడుతోంది నాకు. రా తల్లీ."

"అత్తయ్యా."

"ఏంటమ్మా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"పొయ్యి మీద పాలు పొంగిపోతాయేమో. లోపలికి వెళ్ళి చూడండి."

"పొయ్యి ఇంకా వెలిగించనే లేదమ్మా."

"అయినా ఒక్కసారి వెళ్ళి చూడండి అత్తయ్యా."